ఎడమ పక్క మనిషి

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం రోడ్డంటే. నా కూతురు నేహా బడి నుంచి ఇంటికి రావాలంటే పంఖా రోడ్డు దాటాలి. ఆ రోడ్డు మీద ఏదో ఒక రోజు ఏ బండో వచ్చి నా పిల్లను గుద్దేస్తుందనీ, ఆ సంగతి ముక్కూ మొహం తెలియని మనిషెవరో ఫోన్ చేసి నాకు హిందీలో చెబుతాడనీ నా భయం. సాంబారులో గరిటె తిప్పుతున్నా, మెట్రోలో కడ్డీ పట్టుకుని నిలబడ్డా నా చెవి ఆ ఫోన్ మీదే ఉంటుంది.

నేను పనిచేసేది ఢిల్లీ అశోకా రోడ్డులో, మన భోజనం దొరికే ఒక గెస్ట్‌హౌసు వంటింట్లో. మధ్యాహ్నం భోజనాలు ముగించుకుని జనక్‌పురిలో మా ఇల్లు చేరేసరికి సాయంత్రమవుతుంది. మా ఆయన కిరణ్‌కుమార్ ఒక ఆఫీసరు గారి కారు నడుపుతాడు. ఇంటికి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. అందుకని నేహాను పొద్దున బడిలో దింపడం నా వంతు, మధ్యాహ్నం తీసుకురావడం మా మామయ్య సత్తయ్య వంతు.

మామయ్య ముప్పై ఏళ్ళు లారీ నడిపాడు. హైదరాబాదులో లోడెక్కిస్తే ఢిల్లీలో దింపేదాకా స్టీరింగు ఇంకొకరి చేతికి ఇచ్చే అలవాటు లేదు. ఈ ఊరి రోడ్లు మా అందరికంటే ముందే ఆయనకు తెలుసు. అత్తమ్మ పోయాక మా దగ్గరే ఉంటున్నాడు.

"మా నాయిన చెయ్యి పట్టుకున్నంక నీకేం భయం మనీషా? ఇన్నేండ్లల బండికి ఒక్క గీత పడనియ్యలే ఆయన" అని మా ఆయన అన్నప్పుడల్లా నాకూ కొంచెం ధైర్యం వచ్చేది.

రామమూర్తి వచ్చేదాకా.

చలి తగ్గి పంకాలు వేసుకునే రోజులొచ్చాక ఒక సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి మా ముందు గదిలో ఎవరో కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి. తెల్లగా మాసిన గడ్డం, భుజం మీద మడత పెట్టిన తువ్వాలు.

"వీడు రామమూర్తి, బిడ్డా" అన్నాడు మామయ్య. "బెజవాడ ఆటోనగర్ మనిషి. డ్రైవరు. ఇద్దరం ఒక్క బండి మీద నాలుగేండ్లు తిరిగినం. గిన్నేండ్లకు మన పంక్చర్ల బల్‌బీర్ దుకాణం కాడ దొరికిండు."

"నమస్కారమమ్మా" అన్నాడాయన. అన్నాడే గానీ నా మొహం చూడలేదు. గది మూలలు చూశాడు, గడప చూశాడు, చెప్పుల స్టాండు చూశాడు, బాత్రూము ముందు తడిసిన నేల చూశాడు. పోలీసు సోదాకి వచ్చినట్టు అనిపించింది నాకు.

టీ పెట్టి మంచి కప్పుల్లో పోసి బిస్కెట్లు పెట్టాను. మామయ్యకు తెలిసిన డ్రైవరు కదా అని.

ఆ తర్వాత ఆయన రోజూ రావడం మొదలుపెట్టాడు. అదీ నేను ఇంట్లో లేని వేళకి. వచ్చి వెళ్ళిన ఆనవాళ్ళు మాత్రం నాకు తెలిసిపోయేవి. ఒక రోజు చెప్పుల స్టాండు కుడి గోడకి జరిగి ఉంది. ఇంకో రోజు స్టూలూ నీళ్ళ డబ్బా కూడా అటు పక్కకే చేరాయి. వారం తిరిగేసరికి గడప నుంచి వంటింటి దాకా అడ్డమన్నది లేకుండా ఖాళీ అయిపోయింది. ఇంట్లోంచి ఏదైనా పెద్ద సామాను బయటికి మోసుకుపోవాలంటే ముందు ఇలాగే కదా దారి చేసుకుంటారు!

నేహా మూడు చక్రాల సైకిలు వెనక చక్రం కింద సగం ఇటుక ఒకటి పెట్టి ఉంది.

"ఇదెవరు పెట్టారే?"

"మూర్తి తాతా నే" అంది నేహా. "గాడీ ఖడీ కరో తో పత్థర్ లగావ్. బండి ఆపాక రాయి పెట్టకపోతే సైకిల్ భాగ్ జాయేగీ."

చదునైన నేల మీద సైకిలు ఎక్కడికి పోతుంది? నాకు నవ్వు రాలేదు.

ఇంకొకటి కూడా గమనించాను. మామయ్యను ఎవరైనా ముట్టుకుంటే పడదు. మెట్లు దిగేటప్పుడు నేను చెయ్యి అందిస్తే "నేనేమన్న ముసలోన్నా?" అని విదిలించుకుంటాడు. అలాంటి మనిషి రామమూర్తి పక్కన నడిచేటప్పుడు మాత్రం ఆయన చెయ్యి తన భుజం మీద ఉండనిచ్చేవాడు. ఆ చేతి వేళ్ళు ఊరికే ఉండవు. ఆ భుజం మీద తడుతూ ఉంటాయి. ఏదో రహస్యం చెప్పుకుంటున్నట్టు.

మా పై అంతస్తులో జానకీదేవి ఆంటీ ఉంటారు. వాళ్ళాయన కేంద్రప్రభుత్వ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఒక రోజు ఆమె బట్టలు ఆరేస్తూ, "మనీషా, ఆ కొత్తాయన ఎవరమ్మా? నిన్న నన్నాపి మీ పాప బడికి వెనక గేటుందా, అటు స్పీడ్ బ్రేకరుందా, పిల్లల్ని అటు నుంచి కూడా వదులుతారా అని అడిగాడు" అన్నారు.

ఇంట్లోకి వచ్చి తలుపు గడియ పెట్టుకున్నాను.

ఆ రాత్రి మా ఆయనకు చెప్పాను. అన్నం కలుపుకుంటూ విన్నాడు. "మా నాయినకు ఒక తోడు దొరికిండు. నీకెందుకు అంత అనుమానం? ఫోన్ల గా కిడ్నాప్ వీడియోలు చూసుడు బంజెయ్" అన్నాడు. అంతలో మామయ్య గిన్నె తీసుకుని వంటింటి వైపు నడవబోయాడు. నేహా తన పళ్ళెం మీద చెంచాతో ఠంగుమని కొట్టి "హోల్డాన్ తాతా!" అని అరిచింది. మామయ్య టక్కున ఆగాడు. ఆయన కాళ్ళ ముందు నీళ్ళు ఒలికి ఉన్నాయి. నేను తుడిచాను. నేహా రెండుసార్లు కొట్టి "రైట్ రైట్" అంది. మామయ్య నవ్వుతూ కదిలాడు. ఏదో ఆట అనుకున్నాను.

నాకు మంగళవారం సెలవు. ఆ మంగళవారం మామయ్యకు మజ్జిగ ఇచ్చే వంకతో బల్‌బీర్ దుకాణానికి వెళ్ళాను. బల్‌బీర్ సింగ్ టైర్లకు పంక్చర్లు వేస్తాడు. ఆయనా ఒకప్పుడు లారీ మీద ఆటోనగర్ దాకా వచ్చి పోయిన మనిషే. ఆయనకు తెలుగులో రెండే మాటలొచ్చు. ఒకటి "అన్నం పెట్టు". రెండోది ఇక్కడ రాయను.

పాత టైర్లు పేర్చి వాటి మీద ముగ్గురూ కూర్చుని ఉన్నారు. నేహా అక్కడే గాలి గొట్టంతో ఆడుతోంది. నన్ను చూసి రామమూర్తి లేచి టైరు ఖాళీ చేశాడు. నేను కూర్చోలేదు. నిలబడి విన్నాను.

"నిర్మల్ ఘాట్ యాదికున్నదా?" అంటున్నాడు మామయ్య. "అప్పటి ముక్కు టాటా లారీ. ఎక్కుడు మొదలైనంక దిగిపోయి చాయ్ తాగి రావొచ్చు, బండి ఇంకా గాడనే ఉంటుండె."

"తాగొచ్చింది నేనే గదండీ" అన్నాడు రామమూర్తి. "మీకూ ఒక గ్లాసు పట్టుకొచ్చేవాణ్ణి. మీరు గేరు మీద నుంచి చెయ్యి తియ్యకుండా మూతి చాపేవోరు, పిల్లోడిలాగా."

బల్‌బీర్ పకపకా నవ్వాడు. ఆయనకు ఎంత అర్థమైందో గానీ.

"ఎల్లయ్య యాదికున్నడా మరి? సూర్యాపేట ఎల్లయ్య. ఎదురుంగ వస్తే లైటు డిప్పర్ కొట్టి, కిటికీలకెళ్లి తలకాయ బయటవెట్టి మా అమ్మనూ అయ్యనూ తిట్టి పోయేటోడు. తిట్టలేదంటే ఆ రోజు పానం బాగలేనట్టు. ఒక పారి ఝాన్సీ కాడ తిట్టకుంట పోయిండు. బండి మలిపి వెనక పోయి చూస్తే నిజంగనే జరం, మనిషి వణుకుతున్నడు. ఏం నవ్వు మొఖమో వానిది! ముందటి పన్ను సగం విరిగి ఉంటుండె."

"ఎల్లయ్య గారు తెలుసండీ. ఆయన బండి చప్పుడు తెలుసు" అన్నాడు రామమూర్తి. "పన్ను సంగతి తెలీదు."

"ఎన్ని పార్లు ఎదురొచ్చిండురా!"

"అదేమో గానీ, పెన్‌గంగ వంతెన దాటాక వేప చెట్టు కింద మజ్జిగమ్మే ముసలమ్మ ఉండేది, గుర్తుందా మీకు? ముక్కుకి రెండు పక్కలా పుడకలు. మనం వస్తే లేచి చెయ్యూపేది."

"ఏ ముసల్ది? అక్కడ ముసల్దెక్కడిది? నేనెన్నడూ చూడలే."

"నాలుగేళ్ళూ చెయ్యూపిందండీ బాబూ! ఆ పక్కనే కూలిపోయిన బావి, దాంట్లో నుంచి లేచిన రావి మొక్క."

"నీ మొఖం. అక్కడ ఉన్నది పోలీసు చౌకీ. రోడ్డుకవతల."

"చౌకీ నేను చూళ్ళేదండీ."

"నర్మదా మయ్యా?" అని అందుకున్నాడు బల్‌బీర్, నది వంతెన మీద చిల్లర వేసినట్టు చెయ్యి విసిరి చూపిస్తూ.

"నేనే వేసేవాణ్ణి" అన్నాడు రామమూర్తి. "సత్తయ్య గారికి ఏనాడూ నీళ్ళ వైపు చూసే తీరికుండేది కాదు."

నేను మజ్జిగ సీసా అక్కడ పెట్టి ఇంటికొచ్చేశాను. ఒకే లారీలో, ఒకే దారిలో నాలుగేళ్ళు పోయిన ఇద్దరికి రెండు వేరే రోడ్లు ఎలా గుర్తుంటాయి? ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు. మా మామయ్య అబద్ధం చెప్పడని మా ఇంట్లో అందరికీ నమ్మకం. ఇక మిగిలింది ఎవరు?

మర్నాడు మెట్రోలో సీటు దొరికింది. ఎప్పుడూ కూర్చునే వైపు కాకుండా ఎదురు వైపు. రోజూ పోయే దారే గానీ కిటికీలో ఏదీ తెలిసినట్టు లేదు. ఒక మసీదు గుమ్మటం, డాబాల మీద పావురాల గూళ్ళు, ఎర్ర రంగు నీళ్ళ ట్యాంకు. ఇవన్నీ ఎప్పటి నుంచో అక్కడే ఉన్నాయి, నేను చూడలేదంతే. దిగే లోపల నాకు సంగతి తట్టింది. మామయ్య చెప్పేవన్నీ ఎదురొచ్చే బండ్లు, ఆ డ్రైవర్ల మొహాలు, రోడ్డుకవతలి చౌకీలు. కుడి పక్కవి. రామమూర్తి చెప్పేవన్నీ చెట్లు, బావులు, మజ్జిగమ్మే ముసలమ్మలు. ఎడమ పక్కవి. స్టీరింగు ఉండేది కుడి పక్కన. ఆ మనిషి నాలుగేళ్ళలో ఒక్క పూట కూడా స్టీరింగు ముందు కూర్చోలేదు!

ఇక ఆగలేకపోయాను. సాయంత్రం మెట్రో దిగి నేరుగా బల్‌బీర్ దుకాణానికి పోయాను. ముగ్గురూ ఉన్నారు, నేహా కూడా.

"మీరు డ్రైవర్ కారు" అన్నాను రామమూర్తితో.

బల్‌బీర్ చేతిలో ట్యూబు పట్టుకుని, "క్యా హువా బేటీ?" అన్నాడు.

రామమూర్తి కాసేపు తువ్వాలు మడతలు సరిచేసుకున్నాడు. "కాదమ్మా. క్లీనర్ని."

"ఆ మాట నేను జెప్పిన బిడ్డా" అన్నాడు మామయ్య గబగబా. "వాడు జెప్పలే."

"మీరుండుండ్రి మామా. డ్రైవర్ అన్నప్పుడు ఈయన కాదనలేదు గద? మా ఇంట్ల సామానులెందుకు జరుపుతున్నడు? బడి గేట్ల సంగతి ఈయనకెందుకు?" రామమూర్తి వైపు తిరిగాను. "చూడండి, అబద్ధం చెప్పే మనిషి నా కూతురి చుట్టూ తిరగడానికి వీల్లేదు. మళ్ళీ మా ఇంటి దగ్గర కనిపిస్తే పోలీసులకు చెప్తాను."

రామమూర్తి మామయ్య వైపు చూశాడు. మామయ్య తల అడ్డంగా ఊపాడు, చాలా కొంచెంగా. నేను చూశాను. ఇద్దరి మధ్యా ఏదో ఉంది, అది నాకు చెప్పొద్దని ఆ ఊపు.

"సరేనమ్మా" అన్నాడు రామమూర్తి. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చాడు. నేహా ముందు వంగి దాని చెవిలో ఏదో చెప్పాడు. అది పెద్ద పనేదో అప్పజెప్పినట్టు తలూపింది. నేను చెయ్యి పట్టి లాక్కున్నాను.

"ఏం చెప్పాడే?"

"సీక్రెట్" అంది నా కూతురు.

ఎంత బుజ్జగించినా చెప్పలేదు. కొడతానన్నా చెప్పలేదు.

తర్వాత ఆయన రాలేదు. స్టూలు మళ్ళీ తలుపు పక్కన నా చోట్లో నేను పెట్టుకున్నాను. మామయ్య దానికి తగిలి రెండుసార్లు పడబోయాడు. నా మీద కోపంతో చూసి నడవడం లేదనుకున్నాను. నాలుగైదు రోజులు అలా గడిచాయి. ఒక రోజు గెస్ట్‌హౌసులో నీళ్ళు రాక వంట ఆపేశారు. నన్ను తొందరగా పంపించేశారు. ఇంటికి పోకుండా నేరుగా బడి వైపు పోయాను. రామమూర్తి అక్కడికి వస్తున్నాడేమోనని నా అనుమానం. రోడ్డుకి ఇవతల చెరకు రసం బండి వెనక నిలబడి చూశాను.

గేటు తెరిచారు. మామయ్య గోడకి ఆనుకుని ఉన్నాడు. పక్కన రామమూర్తి లేడు. నేహా పరుగెత్తుకొచ్చి మామయ్య మణికట్టు పట్టుకుంది. గమనించండి, మామయ్య దాని చెయ్యి పట్టుకోలేదు. అది ఆయన చెయ్యి పట్టుకుంది. ఎడమ చెయ్యి.

రోడ్డు అంచుకి వచ్చారు. నేహా వేలితో ఆయన మణికట్టు మీద ఒకసారి కొట్టింది. ఆయన టక్కున ఆగాడు. బస్సు పోయింది. ఈ-రిక్షాలు పోయాయి. మామయ్య తల ఇటు తిరగలేదు, అటు తిరగలేదు. ముప్పై ఏళ్ళు అద్దంలో చూస్తూ బండి నడిపిన మనిషి, మొక్కు తీర్చుకునేవాడిలా ఎదురుగా ఒకటే చూపు. తల అటూ ఇటూ తిప్పుతున్నది నా కూతురు. చేతులూ బ్యాగూ నీళ్ళ సీసా అన్నీ సర్దుకుంటూ, మునివేళ్ళ మీద లేచి, కార్ల మీదుగా చూడటానికి మెడ సాగదీస్తోంది. అయిదేళ్ళ పిల్లకు ఏం కనపడుతుంది?

రెండుసార్లు కొట్టింది. ఇద్దరూ దిగారు.

నడి రోడ్డు మీదికి వచ్చేసరికి ఒక స్కూటరు ఎదురు దారిలో దూసుకొచ్చింది. నేను నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాను. కేకేస్తే నేహా నా వైపు తిరుగుతుంది. తిరిగితే కొట్టడం మరిచిపోతుంది. ఒక్క దెబ్బ కొట్టింది. మామయ్య ఆగాడు. స్కూటరు ఆయన పంచె అంచు తాకుతూ పోయింది. మళ్ళీ రెండు. నడిచారు. ఇవతలి గట్టు ఎక్కారు. నేను అక్కడే కూలబడి నేహాను పట్టుకున్నాను. అది "మమ్మీ, ఆప్ క్యోఁ రో రహే హో?" అంటూ నేను ఎందుకు ఏడుస్తున్నానో అడుగుతోంది.

ఇంటికొచ్చాక మామయ్యను కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా నిలబడి అడిగాను.

"ఎప్పటి నుంచి మామా?"

"ఏంది ఎప్పటి నుంచి?"

నేను చప్పుడు చేయకుండా ఆయన ఎడమ పక్కకి జరిగి స్టీలు పళ్ళెం ఒకటి ఆయన కంటి పక్కన ఊపాను. ఆయన కన్ను ఇటు కదల్లేదు. నేనెటు పోయానో తెలియక ఎదురుగానే చూస్తూ, "గట్ల నిలదీస్తవేంది బిడ్డా?" అన్నాడు. బీరువాతో అన్నాడు.

"మమ్మీ, తాతకు ఉధర్ నహీ దిఖ్‌తా" అంది నేహా. "మూర్తి తాతా నే బోలా థా, ఎవరికీ చెప్పొద్దని."

మామయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"నీటికాసులన్నరు డాక్టర్లు. ఎదురుంగ కనపడ్తది. పక్కలే లెవ్వు. గొట్టంలకెళ్లి చూసినట్టుంటది."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పోరిని నా చేతికిస్తవా?"

ఇవ్వను. ఆ మాట ఆయన మొహం మీద అనలేకపోయాను.

"రామమూర్తి కనిపెట్టిండు. కలిసిన మొదటి దినమే. నేను టైరుకు తగిలితే 'సత్తయ్య గారూ, ఎడమ పక్క పోయిందా?' అన్నడు. ఆ దినం నుంచి రోజు బడి కాడికి వచ్చిండు. పోరి నడుమ, నేను కుడి దిక్కు, వాడు ఎడమ దిక్కు. బండిల లోడు నడుమనే ఉంటది గద. వాడు రైట్ రైట్ అనకుంట నేను బండిని ఏనాడూ ఒక్క అడుగు వెనక్కి తీయలే. ఒక్క గీత పడలే అని మీరంటరు గని, ఆ ఎడమ దిక్కు గీత పడకుంట చూసింది వాడు."

"మరి డ్రైవరని ఎందుకు చెప్పిండ్రు?"

"క్లీనర్ అంటే నువ్వు స్టీలు గ్లాసుల చాయ్ పోసి గడపకాడ కూసోబెడుదువు."

"నేనట్ల చేస్తనా మామా?"

"ఏమో బిడ్డా. మంచి కప్పుల పోసింది మాత్రం డ్రైవర్ అన్నంకనే."

రామమూర్తి నా కూతురి చెవిలో చెప్పిన సీక్రెట్టు కూడా అప్పుడే బయటికొచ్చింది. "రేపటి నుంచి ఎడమ పక్క నువ్వే. ఒకటి కొడితే ఆగాలి, రెండు కొడితే పోవాలి" అని చెప్పాడట. దిగిపోయే క్లీనరు తన సీటు ఇంకో క్లీనరుకు అప్పజెప్పి పోతాడట, అది వాళ్ళ పద్ధతట. పద్ధతి సరే, యూకేజీ పిల్లకా అప్పజెప్పేది? ఆ విషయంలో ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. నాకు ఒక్క మాట చెప్పి ఉంటే! చెప్పనిచ్చానా అని మా ఆయన అడుగుతాడు. అది వేరే సంగతి.

ఇప్పుడు నేహాను జానకీదేవి ఆంటీ తీసుకొస్తున్నారు. ఆమె త్వరలో కూతురి దగ్గరికి పుణె వెళ్తారు. మామయ్యను కంటి ఆసుపత్రికి తీసుకుపోతున్నాం. పోయిన చూపు రాదన్నారు, ఉన్నది నిలబడటానికి చుక్కలు వేస్తున్నాం. అదంతా ఒక దారిన పడుతుంది.

పడనిది రామమూర్తి సంగతి. ఆయన ఫోను మోగడం లేదు. "వాడు ఫోన్ బంద్ పెట్టే మనిషి గాదు" అంటాడు మామయ్య రోజుకి పదిసార్లు. ఆయన ఎక్కడుంటాడో మామయ్యకు తెలిసింది ఒక్కటే. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్ కోచింగ్ పిల్లలుండే ఏదో బిల్డింగుకి వాచ్‌మన్. మెట్ల కింద గదిలో పడుకుంటాడు. మధ్యాహ్నాలు ఖాళీ దొరికితే మెట్రో ఎక్కి మా వైపు వచ్చేవాడు.

నా సెలవు రోజున వెళ్ళాను. ఆ సందుల్లో ప్రతి బిల్డింగులోనూ కోచింగ్ పిల్లలే, ప్రతి మెట్ల కిందా ఏదో ఒక గదే. అడిగి అడిగి తిరుగుతుంటే ఒక సందు చివర ఆకుపచ్చ గేటున్న బిల్డింగు ముందు, రోజులుగా కదలనట్టు దుమ్ము పట్టిన నీళ్ళ క్యాన్ల వ్యాను ఆగి ఉంది. దాని వెనక ఎడమ చక్రం కింద సగం ఇటుక. చదునైన రోడ్డు. బండి ఒక్క అంగుళం జరిగే చోటు కాదు. ఢిల్లీలో ఇంకెవరు పెడతారు అలా?

గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న మేనేజరుని అడిగాను. "ఇస్ నామ్ కా కోయీ నహీ" అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండానే. ఇటుక చూపించాను. "హోగా కిసీకా", ఎవరిదో అయ్యుంటుందిలే అన్నాడు. మెట్లు దిగి వస్తున్న తెలుగు కుర్రాణ్ణి ఆపితే "మూర్తి అంకులా? ఊరెళ్ళారనుకుంటా ఆంటీ" అన్నాడు. వాడి వెనక వస్తున్న అమ్మాయి "కాదు, ఒంట్లో బాలేదని విన్నాను" అంది. మేనేజరు ఇద్దర్నీ ఒక చూపు చూశాడు. ఇద్దరూ క్లాసుకి టైమైందని వెళ్ళిపోయారు. పేరే తెలియదన్న మనిషికి ఆ చూపు ఎందుకు? మెట్ల కింద చిన్న తలుపు కనిపించింది. బయట ఒక జత చెప్పులు. ఊరెళ్ళిన మనిషి చెప్పులు వదిలి వెళ్తాడా? రెండడుగులు వేశానో లేదో మేనేజరు లేచి అడ్డం నిలబడ్డాడు. బయటి ఆడవాళ్ళు లోపలికి రాకూడదట.

మా ఆయన ఆఫీసరు గారితో చెప్పిస్తానన్నాడు. ఇంకా చెప్పించలేదు.

ఇక్కడ నా ఇంట్లోనేమో మామయ్య మధ్యాహ్నమయ్యేసరికి చెప్పులు తొడుక్కుని గడప దగ్గర కూర్చుంటున్నాడు. నేహా ఆయన మణికట్టు పట్టుకుని పక్కన కూర్చుంటోంది. ఇద్దరూ ఏదో గుసగుసలాడి నన్ను చూడగానే ఆపేస్తున్నారు. నిన్న జడ వేస్తుంటే నేహా అడిగింది: "మమ్మీ, మెట్రోలో కూడా ఏక్ టప్ మతలబ్ ఆగాలి, కదా?" నేను పనికి పోయిన ఏదో ఒక పూట ఈ ఇద్దరూ ఆయన్ని వెతకడానికి బయల్దేరతారు. నాకు తెలుసు. ఆ రోడ్డు మళ్ళీ దాటతారు. పక్కలు కనపడని ముసలాయన, మునివేళ్ళ మీద లేచి చూసే నా కూతురు.

అందుకే ఇదంతా రాశాను. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఉండి చదువుకునే తెలుగు పిల్లల్లారా, మీలో ఎవరికైనా ఆ సందు చివరి ఆకుపచ్చ గేటు తెలిస్తే, మేనేజరు ఏమన్నా వినకుండా మెట్ల కింద తలుపు దాకా ఒక్కసారి వెళ్ళండి. లోపల రామమూర్తి అనే పెద్దాయన ఉన్నాడేమో, తిన్నాడో లేదో, లేవగలుగుతున్నాడో లేదో చూడండి. తలుపు ఒక్కసారే కొట్టకండి, ఆగమన్నారనుకుని అలాగే ఉండిపోతాడు. తలుపు మీద రెండుసార్లు కొట్టండి.